సర్వితోపు గాలికి లెక్కే లేదా?

సర్వి కట్టె టన్ను ఎంత పలుకుతోందో మా నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు ఎవరిని అడిగినా చెబుతారు. గుంజలకెంత, కాగితం మిల్లుకెంత, వేరుమొద్దులకెంత, అన్నీ నోటి లెక్కే. అదే తోపు నరికేదాకా ఏళ్ల తరబడి ఊరికిచ్చిన గాలికి ఏ చీటీలోనూ పద్దు లేదు. నా బాధ అదే.

మా నాయన ఆయాసం మనిషి. రోహిణి కార్తెలో ఇంట్లో ఉంటే ఒకటే రొప్పు. మధ్యాహ్నం అన్నం తిని మైపాడు దారి పక్క తోపులో నులకమంచం వేయించుకునేవాడు. పైన సన్నటి హోరు, కింద మెత్తగా ఆకు పరుపు. "ఇక్కడైతే ఊపిరి కిందిదాకా దిగతాది అబ్బయ్యా" అనేవాడు. మందు మానలేదు, జబ్బూ పోలేదు. నిద్ర మాత్రం పట్టేది. సర్వి పూతకొచ్చే రోజుల్లో ఆ పుప్పొడి పడని వాళ్లూ ఉంటారు, కాదనను. ఒక ఏడు ఆ తోపు కొట్టేసి రొయ్యల గుంట తవ్వారు. పొలం వాళ్లది, అవసరం వాళ్లది. బేరం రోజున కట్టె బరువు తూచారు, నీడను తూచిన వాళ్లు లేరు. మా నాయన మంచం మళ్లీ రేకుల కిందికే వచ్చింది.

ఇదంతా నాయన మీద మమకారంతో చెబుతున్న మాట అనుకోవద్దు. 1982లో జపాన్ అటవీ శాఖ 'షిన్‌రిన్ యోకు', అంటే అడవి స్నానం అని పేరు పెట్టి జనాన్ని చెట్ల మధ్యకు పిలిచింది. ఆ దేశంలోనే 24 అడవుల్లో 280 మందిని పరీక్షిస్తే, ఊళ్లో ఉన్నప్పటికన్నా అడవిలో నాడి నెమ్మదించింది, రక్తపోటు తగ్గింది, ఒత్తిడిని పట్టిచ్చే కార్టిసాల్ తగ్గింది. డాక్టర్ చింగ్ లీ బృందం పన్నెండు మందిని మూడు రోజులు అడవిలో తిప్పి రక్తం చూస్తే, రోగాలతో పోరాడే ఎన్‌కే కణాలు చురుకెక్కాయి. వారం దాటినా ఆ చురుకు నిలిచింది. చెట్లు గాలిలోకి వదిలే ఫైటన్‌సైడ్ల పాత్ర అందులో ఉందని వాళ్ల అభిప్రాయం. చిన్న పరీక్షలే, నిజమే. అయినా వాళ్లు కొలిచారు. మనకు ఈ ఆలోచన కొత్త కూడా కాదు. క్షయకు మందు దొరకని కాలంలో, 1915 నాటికే, మదనపల్లె ఆరోగ్యవరంలో మంచి గాలినే వైద్యంలో భాగం చేశారు.

ఇక శ్రీహరికోట. 2022లో తిరుపతి జిల్లాలోకి పోయినా మా నోట అది నెల్లూరిదే. పులికాట్‌కూ సముద్రానికీ నడుమ ఏడాది పొడుగునా పచ్చగా ఉండే కోస్తా అడవి అక్కడుంది. అలాంటిది ఈ తీరంలో బహు అరుదు. ఒకప్పుడు ఆ కట్టె బకింగ్‌హాం కాలువ మీద పడవలెక్కి మద్రాసు పొయ్యిల్లోకి పోయింది. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ ఎగిరాక ఆ పేరు దేశమంతా మోగింది. అది మాకు గర్వమే. కానీ శ్రీహరికోట అంటే అడవి అని చెప్పేవాళ్లేరీ? ఆ చెట్ల కిందే తరతరాలు బతికి, ఏ వేరు దేనికి పనికొస్తుందో ఎరిగిన యానాదుల్ని రాకెట్ కేంద్రం కోసం అక్కణ్ణుంచి కదిలించారు. వాళ్లనైనా ఆ గాలి సంగతి అడిగామా? నేలపట్టు కడప చెట్ల మీద గూడబాతుల్ని లెక్కపెడతాం, సూళ్లూరుపేటలో ఫ్లెమింగోలకు పండగ చేస్తాం. చేయాల్సిందే. ఆ చెట్ల కింద నిలబడ్డ మనిషి ఊపిరి మాత్రం ఎవరికీ పట్టలేదు.

2004 డిసెంబరు 26న సునామీగా సముద్రం లేచినప్పుడు సర్వి వరస విలువ కొంత తెలిసింది. అంటే ప్రాణం మీదికొస్తేనే చెట్టు గుర్తుకు రావాలా? కెరటం రాని రోజుల్లోనూ అది నీడనిస్తోంది, ఎండ వేడిని తగ్గిస్తోంది, దుమ్మును ఆకుల మీద ఆపుతోంది.

నెల్లూరు డాక్టర్లను నేనడిగేది ఒకటే. మీ ఊళ్లో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, గంట దూరంలో తోపులున్నాయి. ఒక ఎండాకాలం తోపు లోపలా బయటా వేడి, దుమ్ము, మనుషుల నాడి, రక్తపోటు కొలవండి. అటవీ శాఖ అయ్యలారా, మీరు నరికే తోపులో ఊరికి ఆనుకున్న పది వరసలు వదిలిపెట్టండి. అక్కడ ఒక మంచం పడుతుంది.