మార్కులు ప్రభుత్వానికి, నష్టం ప్రజలకు

ఒక దేశం తన సమాచారాన్ని కాపాడుకోటానికి ఏ మేరకు సిద్ధంగా వున్నదో కొలవటానికి ఐక్యరాజ్యసమితి అనుబంధసంస్థ అయిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఒక సూచిక ప్రకటిస్తూ వున్నది. దాని పేరు ప్రపంచ సైబర్ భద్రతా సూచిక. 2018 సంచికలో భారతదేశానిది 47వ స్థానం. 2020 సంచికలో 10వ స్థానం. 2024 సంచికలో నూటికి 98.49 మార్కులతో మొదటి శ్రేణి. ఇది దేశానికి గర్వకారణమని పాలకులు ప్రకటించారు. మంచిదే. కాని ఈ మార్కులు దేశానికి వచ్చినవా, ప్రభుత్వానికి వచ్చినవా? దేశం అంటే ప్రజలని నమ్మే మనం ఈ ప్రశ్న వేయక తప్పదు.

ముందుగా పరీక్ష జరిగే తీరు చూద్దాం. చట్టాలు, సాంకేతిక ఏర్పాట్లు, పరిపాలనా సంస్థలు, శిక్షణ, సహకారం - ఈ అయిదింటికీ తలా 20 మార్కులు. ప్రశ్నపత్రం ప్రభుత్వాలకు వెళుతుంది. జవాబులు రాసేదీ, ఆధారాలు జతపరిచేదీ ప్రభుత్వాలే. వాటిని యూనియన్‌వారు సరిచూస్తారు. చట్టం వున్నదా? వున్నది. సంస్థ వున్నదా? వున్నది. ఆ చట్టం వల్ల, ఆ సంస్థ వల్ల రక్షణ పొందినవారెవరు? దానికి మార్కులు లేవు. తాము కొలిచేది దేశాల సంకల్పాన్ని అని యూనియన్‌వారే చెప్పుకుంటున్నారు. కనుక తప్పు కొలిచినవారిది కాదు. సంకల్పానికి వచ్చిన మార్కులను భద్రతకు సాక్ష్యంగా చూపించేవారిది. బడి కట్టించిన బిల్లు చూపించి, పిల్లలకు చదువు వచ్చిందని చెప్పటం వంటిది ఇది.

10వ స్థానానికీ 98.49 మార్కులకూ నడుమ ఈ దేశంలో ఏం జరిగింది? 2022 నవంబరులో ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ కంప్యూటర్లను దుండగులు స్తంభింపజేశారు. అయిదు సర్వర్లు, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం దెబ్బతిన్నవి. దేశం నలుమూలల నుంచీ వచ్చిన రోగులకు రోజుల తరబడి చేతిరాతతోనే చీటీలు రాశారు. నెట్‌వర్కును సరిగా విభజించి కట్టకపోవటమే కారణమని ప్రభుత్వమే పార్లమెంటులో ఒప్పుకున్నది. 2023 జూన్‌లో, టీకా కోసం జనం కోవిన్‌లో ఇచ్చిన వివరాలు టెలిగ్రామ్‌లో ఫోన్ నంబరు కొడితే చాలు బయటపడుతున్నవని వార్త వచ్చింది. వార్త నిరాధారం, దురుద్దేశపూరితం అన్నది ఆరోగ్య మంత్రిత్వశాఖ. కొద్దిరోజులకే అదే వ్యవహారంలో పోలీసులు మనిషిని అరెస్టు చేశారు.

ఇది కొత్త అలవాటు కాదు. 2019 అక్టోబరు 29న కూడంకుళం అణువిద్యుత్ కేంద్రం, తన కంప్యూటర్లపై దాడి వార్త అబద్ధమన్నది. మర్నాడే అణువిద్యుత్ సంస్థ, తమ కంప్యూటరు ఒకదానిలో హానికర ప్రోగ్రాము దొరికిన మాట నిజమేనని, సెప్టెంబరు 4నే తమకు ఆ సంగతి తెలిసిందని ఒప్పుకున్నది. అది పరిపాలనా పనులకు వాడే కంప్యూటరేనని, రియాక్టర్లకు ముప్పు లేదని వివరించింది. ఆ మాట మొదటిరోజే చెప్పివుంటే నమ్మటానికి జనానికి అభ్యంతరం వుండేది కాదు.

మన మిత్రులలోనే కొందరు, ఇదంతా కంప్యూటర్లున్నవారి గొడవ, శ్రామికులకు దీనితో పనేమిటి అంటారు. ఇది పెద్ద పొరపాటు. 2017 మే నెలలో బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీవారు ఒక నివేదిక ప్రకటించారు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు, వాటితోపాటు కోట్ల బ్యాంకు ఖాతాల వివరాలు ఎవరైనా చూడగలిగేట్టు పడివున్నవని వారి అంచనా. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానివి: ఒకటి ఉపాధిహామీ చెల్లింపులది, రెండవది చంద్రన్న బీమాది. మిగిలిన రెండు, కేంద్రం నడిపే ఉపాధిహామీ, సామాజిక పింఛన్ల పోర్టళ్లు. అంటే బజారున పడినది ఎవరి బతుకు? మట్టి తవ్వే కూలీది, పింఛను కోసం ఎదురుచూసే ముసలమ్మది. సంపన్నుడు ఇష్టంలేకపోతే వివరాలు ఇవ్వడు. పేదవాడు ఇవ్వకపోతే కూలి రాదు, బియ్యం రావు. సమాచార భద్రత వర్గసమస్య అనటానికి ఇంతకంటె రుజువేం కావాలి?

మరి లోపం చూపించినవారికి దక్కిందేమిటి? ఆ సమాచారం ఎట్లా తీశారో, ఎవరు తీశారో చెప్పమని ఆధార్ అధికారసంస్థ ఆ సెంటర్‌కే లేఖ రాసింది. 2018 జనవరిలో, 500 రూపాయలిస్తే ఆధార్ వివరాలు దొరుకుతున్నవని ట్రిబ్యూన్ పత్రిక బయటపెడితే, ఆ సంస్థ ఫిర్యాదుపై పోలీసులు పెట్టిన కేసులో రాసిన విలేఖరి పేరు కూడా చేరింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోటం పాత సామెత. భుజం మీది బూడిద చూపించినవాడి మీద కేసు పెట్టటం నేటి రాజనీతి.

చట్టం రాలేదా అంటారు. వచ్చింది, 2023 ఆగస్టులో. వ్యక్తిగత సమాచారం బయటికి పొక్కితే బాధితులకు తెలియజేయాలని అందులో వున్నది. 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వున్నది. కాని ఆ జరిమానా చేరేది ప్రభుత్వ ఖజానాకు. నష్టపోయినవాడికి పరిహారం ఇప్పించే పాత ఐటీ చట్టం 43ఎ సెక్షన్‌ను ఈ చట్టమే తొలగిస్తున్నది. తన సంస్థలలో దేనినైనా భద్రత, శాంతి పేరిట చట్టం నుంచి మినహాయించే అధికారాన్ని కేంద్రం తన చేతిలో వుంచుకున్నది. 2025 నవంబరులో చట్టం అమలు మొదలుపెట్టిన వరుస చూడండి: సమాచారహక్కును కుదించే సవరణ తక్షణం, బాధితుడికి కబురు చెప్పే బాధ్యత 18 నెలల తరువాత! పాలకులకు ఏది తొందరో, ఏది కాదో ఇంతకంటె స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ప్రభుత్వ అత్యవసర స్పందన సంస్థ లెక్కలో 2022లో 13.91 లక్షల సైబర్ సంఘటనలు, 2024లో 20.41 లక్షలు. నమోదు మెరుగై సంఖ్య పెరిగిందనే వాదాన్ని కొట్టిపారేయనక్కరలేదు. కాని అది నిజమో కాదో ఎట్లా తేల్చుకోవాలి? 2023 నవంబరులో ఆ సంస్థను, అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప, సమాచారహక్కు చట్టం నుంచి తప్పించారు. సంస్థ పెట్టినందుకు మార్కులు వచ్చినవి. సంస్థ ఏం చేస్తున్నదో అడిగే హక్కు పోయింది.

ఇంటిగుట్టు లంకకు చేటు కదా, అన్నీ బయటపెడితే శత్రువుకు దారి చూపినట్లు కాదా అని ప్రభుత్వపక్షం వాదిస్తుంది. పూడ్చని కన్నాన్ని చాటమని ఎవరూ అనటం లేదు. దొంగ వచ్చిపోయిన తరువాత ఇంటివారికి చెప్పమంటున్నాం. దొంగకు తెలుసు, అధికారికి తెలుసు. తెలియనిది సొత్తు పోయినవాడికే. ఈ గుట్టు శత్రువునుంచి దాచేది కాదు, ప్రజలనుంచి దాచేది.

కాబట్టి దేశపు సన్నద్ధతను కొలవటానికి మన ప్రశ్నలు వేరు. సమాచారం పోయినవాడికి ఎన్ని రోజులలో కబురు అందింది? లోపం చూపినవాడు నిర్భయంగా వున్నాడా? నష్టపోయినవాడికి పరిహారం దక్కిందా? ప్రజలకు విధించిన చట్టం ప్రభుత్వానికీ వర్తిస్తున్నదా? ఈ నాలుగు ప్రశ్నలకు వచ్చే మార్కులే దేశానికి వచ్చిన మార్కులు.

ఈ పరీక్షను విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ కళాశాలలోనే మొదలుపెట్టవచ్చు. స్కాలర్‌షిప్పు కోసం పిల్లలిచ్చిన ఆధార్ ప్రతులు, కులధ్రువపత్రాలు, బ్యాంకు ఖాతాల వివరాలు ఎక్కడ వున్నవి? ఎవరెవరు చూస్తున్నారు? పోతే ఎవరు జవాబుదారీ? లిఖితపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే సంఘంగా అడగండి. ప్రజలు ప్రశ్నించని చోట ఎన్ని చట్టాలున్నా అవి సూచికలో మార్కులకే పనికివస్తాయి.