కానరానిది లేనిది కాదు

సముద్రమునకు రత్నాకరమని పేరుపెట్టిన పూర్వులు దాని అడుగు చూచినవారు కారు. చూడకపోయినను, అచ్చట విలువగలది ఏదియో ఉన్నదని నమ్మిరి. పందొమ్మిదవ శతాబ్దమున బ్రిటిషు ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డు ఫోర్బ్సు వేరు విధముగా తలచెను. ఏజియను సముద్రములో పరిశోధించి, లోతు పెరిగినకొలది ప్రాణులు తగ్గుచున్నవని గమనించి, 300 బారల లోతునకు దిగువ ప్రాణి యన్నది ఉండదని 1843లో సిద్ధాంతము చేసెను. వెలుతురు లేదు, చలి మిక్కుటము, నీటి ఒత్తిడి భరింపరానిది. ఇక ప్రాణి ఎట్లుండును? వాదము బాగుగనే ఉన్నది. కాని సముద్రము ఆ వాదమును వినలేదు.

1872 మొదలు 1876 వరకు చాలెంజరు అను బ్రిటిషు నౌక ప్రపంచ సముద్రములను చుట్టివచ్చి, వేల మీటర్ల లోతునుండి ప్రాణులను పైకి తీసెను. 1977లో గలాపగోసు దీవులకు చేరువ, సుమారు 2,500 మీటర్ల లోతునకు ఆల్విను అను చిన్న జలాంతర్వాహినిలో దిగినవారికి మరియొక వింత కనబడెను. అడుగున పగుళ్ళనుండి వేడినీరు ఉబుకుచుండగా, దాని చుట్టును ఆలుచిప్పలవంటి ప్రాణులును, పొడవైన గొట్టపు పురుగులును గుంపులుగా జీవించుచుండెను. సూర్యరశ్మి సోకని ఆ చోట సూక్ష్మజీవులు హైడ్రోజను సల్ఫైడునుండి శక్తిని గ్రహించి ఆహారమును తయారుచేయుచున్నవి. సమస్త జీవులకును సూర్యుడే అన్నదాత యను పాఠమునకు నాటినుండి సవరణ అవసరమయ్యెను.

ఫోర్బ్సు పొరపాటువలన ఎవరికిని హాని కలుగలేదు. అదే పొరపాటు నేడు మరల జరిగినచో హాని కలుగక మానదు.

చాలెంజరు నౌకకు ప్రాణులతోపాటు నల్లని లోహపు గుండ్లును దొరకినవి. 4,000 మొదలు 6,000 మీటర్ల లోతుగల మైదానములలో ఇవి బంగాళాదుంపలవలె పరచుకొని ఉన్నవి. మాంగనీసు, నికెలు, రాగి, కోబాల్టు వీనియందు కలవు. బ్యాటరీలకు ఈ లోహములు ఉపయోగపడును గనుక, యంత్రములను దింపి వీనిని ఏరితేవలెనని కొన్ని వ్యాపార సంస్థలు ఉవ్విళ్ళూరుచున్నవి. అచ్చట ఉన్నది బురదయే గదా, నష్టపోవునది ఏమున్నదని ఈ పక్షమువారి ప్రశ్న. ఇది వ్యాపార వేషము ధరించిన ఫోర్బ్సు మాటయే.

నష్టపోవునది చాల ఉన్నది. ఆ గుండు పది లక్షల సంవత్సరములకు కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పెరిగినది. మెత్తని బురదలో వేరు ఆధారము దొరకని స్పంజికలును, పగడపు జాతి జీవులును దానినే అంటిపెట్టుకొని బ్రతుకును. పెరూ తీరమునకు బహుదూరమున, 4,000 మీటర్లకు దిగువ, ఆక్టోపసులు అట్టి స్పంజికల కాడలపై గ్రుడ్లుపెట్టి కాపాడుచున్నవని 2016లో ప్రకటింపబడెను. రాయి లేనిచో స్పంజిక లేదు. స్పంజిక లేనిచో ఆ గ్రుడ్లకు చోటు లేదు. పసిఫికు మహాసముద్రములో గుండ్లు విస్తారముగా గల క్లారియన్-క్లిప్పర్టన్ మండలమున సుమారు 5,500 జంతుజాతులు కలవనియు, వానిలో నూటికి తొంబదింటికి ఇంకను పేరే లేదనియు 2023లో లెక్కతేలినది.

1989లో జర్మను శాస్త్రజ్ఞులు పెరూ ప్రాంతపు సముద్రతలమును సుమారు 11 చదరపు కిలోమీటర్ల మేర దున్ని, ఆ గాయము ఎన్నాళ్ళకు మానునో చూడదలచిరి. 26 సంవత్సరముల తరువాత, 2015లో చూడగా నాగటిచాళ్ళు చెరగక నిలిచియుండెను. పొలములోని చాలు నాలుగు వానలకు చెదరిపోవును. అచ్చట వాన లేదు, గాలి లేదు. పైనుండి మంచువలె రాలు జీవశేషములే ఆహారము. అందుచే సర్వమును మందముగా నడచును. నరికిన చోటనే మరల చిగురించు తోట కాదది.

అంత లోతునకు మనిషి చెరుపు చేరదనుటయు చెల్లదు. పది వేల మీటర్లకు మించిన మేరియానా కందకములో, రొయ్యలను పోలిన ప్రాణుల దేహములందు పి.సి.బి. అను రసాయనములు ఉన్నట్లు 2017లో వెల్లడియయ్యెను. పెక్కు దేశములు దశాబ్దముల క్రిందటనే నిషేధించిన విషములవి. మనిషి మరచెను, సముద్రము మరువలేదు.

లోహములు అక్కరలేదని ఎవ్వరును అనజాలరు. నేలమీది గనులవలన అడవులు కూలుచున్న మాటయు నిజమే. కాని ఒక గాయమునకు మరియొక గాయము మందు కాదు. పాత బ్యాటరీలనుండి లోహములను మరల రాబట్టవచ్చును. నికెలు, కోబాల్టు లేని బ్యాటరీలును వాడుకలోనికి వచ్చినవి.

భారతీయులకు ఈ విచారణ పరాయిది కాదు. హిందూ మహాసముద్ర మధ్యమున గుండ్లను అన్వేషించుటకై భారతదేశము 1987లోనే అంతర్జాతీయముగా నమోదైనది. 75,000 చదరపు కిలోమీటర్లకు 2002లో ఒప్పందమును కుదుర్చుకొనెను. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ముగ్గురిని 6,000 మీటర్ల లోతునకు కొనిపోవు మత్స్య 6000 అను వాహనమునకు పూనుకొన్నది. పూనిక మెచ్చదగినదే. అయితే చూచుటకు దిగుట వేరు, దోచుటకు దిగుట వేరు.

దేశముల హద్దులకు ఆవలి సముద్రతలము మానవజాతి ఉమ్మడి వారసత్వమని 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒడంబడిక చెప్పినది. వారసత్వమన్నపుడు పుట్టబోవువారికిని పాలున్నది. త్రవ్వకమును నిలిపి ఉంచుడని ముప్పదికి పైగా దేశములు కోరియున్నవి. 2025 జూలైలో జమైకాలో జరిగిన సమావేశములు త్రవ్వకపు నియమావళి పూర్తికాకయే ముగిసినవి. ఈ ఆలస్యము నష్టము కాదు. పాలకడలిని చిలికిననాడు అమృతముకంటె ముందు హాలాహలము పుట్టెను, మ్రింగుటకు శివుడుండెను. నేడు పుట్టు విషమును మ్రింగువాడు లేడు. తెలిసికొనిన పిమ్మటనే తాకుట వివేకము.

పాఠశాల గోడమీది పటములో సముద్రమంతయు ఒకే నీలిరంగు. ఆ రంగు క్రింద ఏమియు లేదని విద్యార్థి అనుకొనకుండ చూచుట ఉపాధ్యాయుని చేతిలోని పని.