ఇథనాల్ మిశ్రమ పెట్రోలు - రాయలసీమ జలాశయాలలోని పడవలు

ఇథనాల్ మిశ్రమ పెట్రోలు అనగా చెరకు, మొక్కజొన్న, బియ్యం నూకలు మొదలైన వాటినుండి తయారైన ఇథైల్ ఆల్కహాలును నిర్ణీత పాళ్ళలో కలిపిన పెట్రోలు. నూటికి ఇరవై పాళ్ళు కలిపినదానిని ఇ20 అని వ్యవహరిస్తారు. 2025 నాటికి భారతదేశములోని పెట్రోలు బంకులన్నిటా దాదాపుగా ఇదే లభిస్తున్నది. దీనివలన వాహనాలకు కలిగే లాభనష్టాలపై జరిగిన చర్చలో పడవల ఇంజన్ల ప్రస్తావన రాలేదు. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలు వర్షాభావ ప్రాంతాలుగా పేరుపడినా శ్రీశైలం, గండికోట, అవుకు, మైలవరం వంటి పెద్ద జలాశయాలు ఇక్కడ ఉన్నాయి. ఏడాదిలో సగము రోజులు కదలకుండా ఉండే ఇంజన్లకే ఈ ఇంధనము ఎక్కువ చేటు చేస్తుంది గనుక, ఇక్కడి పడవలకు ఈ సమస్య ప్రత్యేకముగా వర్తిస్తుంది.

నేపథ్యము

భారతదేశములో పెట్రోలులో ఇథనాల్ కలపడము 2001లో మహారాష్ట్రలోని మిరజ్, మన్మాడ్, ఉత్తర ప్రదేశ్‌లోని ఆవ్లాల వద్ద ప్రయోగాత్మకముగా మొదలైనది. 2003 జనవరి నుండి ఆంధ్ర ప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాలలో 5 శాతము కలపాలని నిర్ణయించారు. ఆచరణలో చాలాకాలము ఇది కాగితము దాటలేదు. 2013-14లో దేశవ్యాప్త సగటు 1.53 శాతము మాత్రమే. 2014లో ప్రభుత్వము ఇథనాలుకు ధర నిర్ణయించే పద్ధతిని తిరిగి తెచ్చింది. 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానము 20 శాతము లక్ష్యాన్ని 2030కి పెట్టగా, 2022లో ఆ గడువును 2025-26కు ముందుకు జరిపారు. 2022 జూన్‌లో 10 శాతము పూర్తయినది. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఇ20 అమ్మకాలను ప్రారంభించారు. 2025లో 20 శాతానికి చేరుకున్నారు. ఇరవై ఏళ్ళు నత్తనడక నడిచిన పథకము చివరి మూడేళ్ళలో పరుగు తీసింది. ఇబ్బందులకు మూలము ఇథనాల్ ఒక్కటే కాదు, ఈ వేగము కూడా.

ఇందుకు బలమైన కారణాలు లేకపోలేదు. దేశానికి కావలసిన ముడి చమురులో అత్యధిక భాగము దిగుమతి అవుతున్నది. 2014-15 నుండి 2025 జూలై వరకు ఈ పథకము వలన సుమారు రూ. 1.44 లక్షల కోట్ల విదేశీ మారకము ఆదా అయినదని పెట్రోలియం మంత్రిత్వ శాఖ ప్రకటించింది.

జలాశయాలు, పడవలు

శ్రీశైలం జలాశయము పూర్తి మట్టము 885 అడుగులు. ఎగువనుండి వరద వచ్చే ఆగస్టు మొదలు కొన్ని నెలలు నిండుగా ఉండి, వేసవికి బాగా అడుగంటుతుంది. సప్తనదీ సంగమముగా ప్రసిద్ధి చెందిన సంగమేశ్వరం ఆలయము ఏటా ఎక్కువ నెలలు నీటిలో మునిగి ఉండి, మట్టము తగ్గినప్పుడు బయటపడటమే ఇందుకు కంటికి కనిపించే కొలమానము. నెహ్రూనగర్, సంగమేశ్వరం వైపునుండి అవతలి ఒడ్డున తెలంగాణలోని సోమశిలకు పడవలలో రాకపోకలు చాలాకాలముగా ఉన్నాయి. శ్రీశైలం పాతాళగంగ నుండి అక్కమహాదేవి గుహలకు యాత్రికులు పడవలలో వెళ్తారు. గండికోట, అవుకు వద్ద పర్యాటకులకు పడవ విహారము ఉన్నది.

అయితే ఈ పడవలన్నీ పెట్రోలుతో నడిచేవి కావు. చేపలు పట్టేవారిలో చాలామంది పుట్టిలలోనో, తెడ్డుతో నడిచే నాటు పడవలలోనో వెళ్తారు. వీరికి ఈ గొడవ లేదు. జనాన్ని దాటించే పెద్ద మరపడవలకు సాధారణముగా డీజిలు ఇంజన్లు ఉంటాయి. డీజిలులో ఇథనాల్ కలపడము లేదు. (ఆ ప్రయోగము ఫలించలేదనీ, దానికి బదులు ఐసోబ్యుటనాల్ కలిపి పరీక్షిస్తున్నారనీ కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ 2025 సెప్టెంబరులో తెలిపారు. కాబట్టి డీజిలు పడవల వారు పూర్తిగా నిశ్చింతగా ఉండటానికి లేదు.) 2024 నవంబరు 9న విజయవాడ నుండి శ్రీశైలానికి ప్రయోగాత్మకముగా వచ్చిన సీప్లేను నీటి మీద వాలినప్పటికీ అది వాడేది విమాన ఇంధనము.

ఇక మిగిలినవి అవుట్‌బోర్డు ఇంజన్లు, అనగా పడవ వెనుక అంచుకు తగిలించే పెట్రోలు ఇంజన్లు. విహారానికి వాడే స్పీడు బోట్లకు, వరదలలో సహాయక దళాలు వాడే గాలి నింపిన రబ్బరు పడవలకు ఇవే ఉంటాయి. సంఖ్యలో ఇవి తక్కువ. కానీ అవసరము పడినప్పుడు మొదటి లాగుకే అంటుకోవలసినవి కూడా ఇవే.

ఇంధనము పడవలో ఎలా ప్రవర్తిస్తుంది

పెట్రోలు నీటితో కలవదు. టాంకులో నీరు చేరితే అది అడుగున నిలుస్తుంది, వంచి పారబోయవచ్చు. ఇథనాల్ అలా కాదు, నీటిని తనలో కలుపుకుంటుంది. కొంత మేరకు ఇది మేలే, ఎందుకంటే ఆ కొద్దిపాటి నీరు ఇంధనముతో పాటే మండి బయటకు పోతుంది. హద్దు దాటినప్పుడు మాత్రము ఇథనాలూ నీరూ జతకట్టి పెట్రోలునుండి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఇంధనాన్ని పీల్చే గొట్టము కూడా టాంకు అడుగునే ఉండటము వలన ఇంజనులోకి మొదట వెళ్ళేది ఈ పొరే. దానితో ఇంజను నడవదు. పైన మిగిలిన పెట్రోలు కూడా ఇథనాల్ పోవడము వలన ఆక్టేను తగ్గి నాసిరకము అవుతుంది. ఇ10 కంటే ఇ20 ఎక్కువ నీటిని భరిస్తుందన్నది నిజము. అయితే విడిపోవడమంటూ జరిగితే ఇ20లో దిగే పొర మందము కూడా ఎక్కువే.

కారు టాంకు దాదాపు మూసి ఉంటుంది, ఇంధనము వారము పది రోజులలో ఖర్చవుతుంది. పడవ టాంకుకు గాలి రంధ్రము ఉంటుంది, చుట్టూ నీరే, పైన వాన. గాలిలోని తేమను ఇథనాల్ పీల్చి పాడవుతుందని సాధారణముగా చెబుతారు గాని ఆ మార్గములో చేరే నీరు స్వల్పము. అసలు చేటు మూత సందులలో దిగే వాననీటితోను, పగటి వేడికి రాత్రి చలికి మధ్య ఖాళీ టాంకు లోపలి గోడలపై పట్టే చెమ్మతోను వస్తుంది. సీమ ఎండలకు పెట్రోలులోని తేలికపాటి భాగాలు ఆవిరై పోవడము మరొకటి. నీరు తగ్గి పడవ ఒడ్డునపడిన నెలలలో కార్బురేటరులో మిగిలిన ఇంధనము జిగురుగా మారి సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. ఇది ఇథనాల్ లేని పెట్రోలుకూ జరిగేదే. పాడైన ప్రతి ఇంజనుకూ ఇథనాలే కారణమనడము సరికాదు.

పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలును పంపుచేసే రబ్బరు బల్బు, వాషర్లు ఇథనాల్ తగిలి ఉబ్బడము, పగలడము జరుగుతుంది. టాంకులో ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డిని ఇథనాల్ కరిగించి వడపోతకు అడ్డుపడేట్లు చేస్తుంది. ఇథనాల్ అణువులో బరువు లెక్కన మూడో వంతుకు పైగా ఆమ్లజనే. ఇ20లో అది సుమారు 7 శాతము. గాలి-ఇంధనాల నిష్పత్తిని తానే సరిచేసుకునే కొత్త ఇంజన్లకు ఇది సమస్య కాదు, పాత కార్బురేటరు ఇంజన్లకు మాత్రము ఇంధనము పలుచనై వేడి పెరుగుతుంది. లీటరు ఇథనాలులో ఉన్న శక్తి లీటరు పెట్రోలులో కంటే మూడో వంతు తక్కువ. ఇ20తో లీటరుకు ఆరు, ఏడు శాతము శక్తి తగ్గుతుంది. ఒడ్డున పెట్రోలు బంకులు ఉండవు గనుక క్యానులలో మోసుకుని వచ్చే ఇంధనాన్ని లెక్కగా పోసుకునేవారు ఈ తేడాను గమనించవలసి ఉంటుంది.

వరద సమయము

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదుల నీరు కర్నూలు నగరాన్ని ముంచెత్తినది. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలో చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లి మొదలైన గ్రామాలు దెబ్బతిన్నాయి. రెండూ కరవుకు పేరుపడిన ప్రాంతములో వచ్చిన వరదలే, రెంటి మధ్య పన్నెండేళ్ళు గడిచాయి. ఇటువంటిచోట సహాయక పడవలు ఏళ్ళ తరబడి గోదాములో ఉండి ఒక రాత్రి హఠాత్తుగా అవసరమవుతాయి. టాంకులో పాత ఇ20 నిలువ ఉండిపోతే ఆ రాత్రి ఇంజను అంటుకుంటుందన్న భరోసా లేదు. గోదావరిలో రోజూ తిరిగే పడవకంటే హంద్రీ ఒడ్డున గోదాములో ఉన్న పడవకే ఇథనాల్ ప్రమాదము ఎక్కువ.

ప్రభుత్వ వాదన, న్యాయస్థానము

2025 ఆగస్టులో వాహన యజమానుల ఫిర్యాదులు పెరగగా, ఆందోళనలకు చాలావరకు ఆధారము లేదని పెట్రోలియం మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. పాత వాహనాలలో కొన్ని రబ్బరు భాగాలను 20 వేల నుండి 30 వేల కిలోమీటర్ల తరువాత మార్చుకోవలసి రావచ్చని అంగీకరించింది. పడవ ఆయువును కిలోమీటర్లలో కొలవరు. పైగా దాని చిక్కు తిరగడములో లేదు, నిలిచి ఉండటములో ఉన్నది. ఈ వివరణ పడవకు వర్తించదు.

2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ప్రణాళికలో ఇ20 వచ్చిన తరువాత కూడా పాత వాహనాలకోసము ఇ10ను రక్షణ ఇంధనముగా అందుబాటులో ఉంచాలని సూచించారు. బంకులలో అది జరగలేదు. ఇథనాల్ లేని పెట్రోలును కూడా అమ్మాలని కోరుతూ దాఖలైన వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టివేసింది. నగరాలలో కొద్దిచోట్ల దొరికే 100 ఆక్టేను పెట్రోలులో ఇథనాల్ కలపరని వార్తలు వచ్చినా, దాని ధర మామూలు పెట్రోలుకంటే చాలా ఎక్కువ. జలాశయాల దరిదాపులలో అది దొరికే ఆశ తక్కువ.

చవక అయినా అవుతుందా అంటే అదీ లేదు. 2025 జూలై చివరికి ఇథనాల్ సగటు కొనుగోలు ధర లీటరుకు రూ. 71.32. శుద్ధి చేసిన పెట్రోలు ధర కంటే ఇదే ఎక్కువని మంత్రిత్వ శాఖయే చెప్పింది.

ఇతర దేశాలలో

పడవల యజమానుల అభ్యంతరము మొదట గట్టిగా వినిపించినది అమెరికాలో. 2000ల మధ్యలో న్యూయార్కు ప్రాంతములో ఇ10 రాగానే పాత పడవల ఫైబర్‌గ్లాసు ఇంధన టాంకులు మెత్తబడి, కరిగిన జిగురు ఇంజన్లలోకి చేరింది. అక్కడ ఇ15ను 2001 తరువాతి కార్లకు అనుమతించారు కాని పడవలలో వాడటము నిషిద్ధము. మెర్క్యురీ, యమహా వంటి తయారీదారులు తమ అవుట్‌బోర్డు ఇంజన్లకు 10 శాతము మించరాదని పేర్కొంటున్నాయి. బ్రిటన్ 2021లో ఇ10కు మారినప్పుడు ఇ5ను కూడా కొనసాగించింది. బ్రెజిల్ 2025 ఆగస్టులో 30 శాతానికి వెళ్ళినది నిజమే, కాని దశాబ్దాలుగా అక్కడి ఇంజన్లను అందుకు తగినట్లే తయారు చేస్తున్నారు.

నీటి లెక్క

చక్కెరనుండి ఒక లీటరు ఇథనాల్ తీయడానికి సుమారు 2,860 లీటర్ల నీరు పడుతుందని నీతి ఆయోగ్ పత్రములోనే ఉన్నది. నీటికోసము దశాబ్దాలుగా ఉద్యమాలు జరుగుతున్న సీమకు ఇది చిన్న విషయము కాదు. ఈ మధ్య మొక్కజొన్న ప్రధాన ముడిసరుకుగా మారడము వలన నంద్యాల ప్రాంత రైతుకు గిరాకీ పెరిగే వీలున్నది, అది మేలు. మరోవైపు కర్నూలుకు సమీపములో తుంగభద్ర అవతల, జోగులాంబ గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో ఇథనాల్ కర్మాగారము వద్దంటూ 2025 జూన్‌లో గ్రామస్థులు ఆందోళన చేయగా రైతులను అరెస్టు చేశారు. నీరు, నేల కలుషితమవుతాయన్నది వారి భయము. ఆ తుంగభద్రే దిగువకు వచ్చి కర్నూలుకు తాగునీరు ఇచ్చి, సంగమేశ్వరం వద్ద కృష్ణలో కలుస్తుంది.

జాగ్రత్తలు

పెట్రోలును అవసరము మేరకే, ఎక్కువ అమ్మకము ఉన్న బంకులో కొనడము, కొద్ది వారాలలో వాడివేయడము ముఖ్యము. నీటిని వేరుచేసే ఫిల్టరును టాంకుకూ ఇంజనుకూ మధ్య అమర్చాలి. పాత రబ్బరు గొట్టాలను ఇథనాలును తట్టుకునే రకముతో మార్చాలి. పడవను నెలల తరబడి నిలిపేముందు గొట్టాన్ని తీసివేసి, కార్బురేటరులోని ఇంధనము అయిపోయే వరకు ఇంజనును నడపాలి (చల్లబరిచే నీరు అందుతున్నప్పుడే ఈ పని చేయాలి). వేరుచేయగల టాంకును ఖాళీచేసి ఆరబెట్టవచ్చు. విడిపోయిన ఇంధనాన్ని కుదిపి కలిపినా, కొత్త పెట్రోలు పోసినా ప్రయోజనము ఉండదు, దానిని తీసివేయవలసిందే. నిలువ ఇంధనాన్ని కాపాడే రసాయనాలు జిగురు కట్టడాన్ని ఆలస్యము చేస్తాయి గాని విడిపోయిన పొరను తిరిగి కలపలేవు. సహాయక పడవల విషయములో టాంకును పొడిగా ఉంచి, వానాకాలము మొదలులో తాజా పెట్రోలు తెప్పించి, వారానికొకసారి ఇంజనును నీటిలో నడిపి చూడటము అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి.