నేల టికెట్టు లేని నాటకం

పాట కట్టినోళ్లు గేటు బయట. టికెట్టు కొన్నోళ్లు గేటు లోపల. ఈ లెక్క ఏ దేశంలో ఉన్నా మనకు కొత్త కాదు. అమెరికాలో పాటల నాటకాల అభిమానుల మధ్య ఒక తగువు చాలా ఏళ్లుగా నడుస్తోంది. హాల్లో ఆడుతున్న నాటకాన్ని కెమెరాతో తీస్తే దాన్ని సినిమా హాళ్లలో వేయాలా, ఇళ్లకు ఇవ్వాలా, ఎవరికీ చూపకుండా దాచిపెట్టాలా అని. "వాళ్ల సరదాలు మనకెందుకులే" అని పేజీ తిప్పేయకండి. ఆ తగువును కొంచెం గోకి చూస్తే కింద చూసే హక్కు కనపడుతుంది. చూసే హక్కు కింద అడిగే హక్కు ఉంది.

ముందు సంగతి చెప్పుకుందాం. న్యూయార్కులో బ్రాడ్‌వే అనే వీధి, దాని చుట్టుపక్కల కలిపి 41 పెద్ద నాటకశాలలు ఉన్నాయి. అందులో రిచర్డ్ రాడ్జర్స్ అనే హాల్లో 2015 ఆగస్టు 6న 'హామిల్టన్' అనే పాటల నాటకం మొదలైంది. రాసింది, పాటలు కట్టింది లిన్ మాన్యుయెల్ మిరాండా. ప్యూర్టోరికో నుంచి వచ్చిన కుటుంబంవాడు. కథ అలెగ్జాండర్ హామిల్టన్‌ది. ఆయన అమెరికా మొదటి ఖజానా మంత్రి. వాళ్ల 10 డాలర్ల నోటు మీద బొమ్మ ఆయనదే. ఇందులో విశేషం ఏందంటే, వాషింగ్టన్, జెఫర్సన్ లాంటి తెల్ల దొరల వేషాలు నల్లజాతి నటులు, లాటిన్ అమెరికా మూలాలున్న నటులు కట్టారు. పాటలు చాలావరకు ర్యాప్ బాణీలో నడుస్తాయి.

ఆ ర్యాప్ ఎక్కడ పుట్టింది? అదే న్యూయార్కులో, బ్రాంక్స్ వాడల్లో. 1973లో కూల్ హెర్క్ అనే జమైకా కుర్రాడు ఒక అపార్ట్‌మెంటులో రికార్డులు తిప్పి జనాన్ని ఆడించిన రాత్రి నుంచి ఆ చరిత్ర చెప్పుకుంటారు. ఇళ్లు తగలబడుతుంటే, పనులు దొరక్కపోతుంటే, సర్కారు పట్టించుకోకపోతే నల్లజాతి, ప్యూర్టోరికో పిల్లలు తమ కోసం తాము కట్టుకున్న పాట అది. ఆ పాటతో ఆడే నాటకానికి 2016లో మంచి సీటు ధర ఎంత పెట్టారో తెలుసా? 849 డాలర్లు. బ్రాంక్స్ నుంచి ఆ హాలుకు పట్నం రైలు ఉంది. రైలు టికెట్టు కొనుక్కోగలిగినోడు గేటు దాకా వస్తాడు. గేటు దాటలేడు.

"పేదలకూ ఇచ్చాం కదా" అంటారు. ఇచ్చారు. లాటరీలో పేరు వస్తే 10 డాలర్లకే సీటు. ఆటకు ఎన్ని సీట్లు? 849 పెట్టిన రోజుల్లోనే లాటరీ సీట్లను 21 నుంచి 46కు పెంచారు. హాల్లో ఉన్నవి సుమారు 1,300. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బు సాయంతో 20,000 మంది బడిపిల్లలకు 10 డాలర్లకే చూపే ఏర్పాటు కూడా చేశారు. ఆ పిల్లలకు మేలే జరిగింది, కాదనం. అయితే లాటరీ తగిలితే దొరికేదాన్ని, దాత తలుచుకుంటే దొరికేదాన్ని హక్కు అని ఎవరంటారు? మన టూరింగ్ టాకీసులో నేల టికెట్టు ఉండేది. దుమ్ములో చతికిలబడ్డా తెర మీద బొమ్మ అందరికీ ఒకటే. బ్రాడ్‌వేకు నేల టికెట్టు లేదు. కెమెరాతో తీసిన నాటకమే ఆ లోటు తీర్చగల నేల టికెట్టు.

మరి తీశారా? తీశారు. 2016 జూన్‌లో, మొదటి జట్టు నటులు ఇంకా ఆడుతుండగానే, దర్శకుడు థామస్ కైల్ మూడు రోజుల్లో నాటకాన్ని కెమెరాలతో పట్టాడు. పట్టి ఏం చేశారు? దాదాపు నాలుగేళ్లు పెట్టెలో పెట్టారు. 2020 ఫిబ్రవరిలో డిస్నీ కంపెనీ కొన్నట్టు బయటికి వచ్చింది. సుమారు 7 కోట్ల 50 లక్షల డాలర్లని పత్రికలు రాశాయి. 2021 అక్టోబరులో సినిమా హాళ్లలో వేస్తామన్నారు. ఈలోగా కరోనా వచ్చి 2020 మార్చి 12న బ్రాడ్‌వే అంతా మూతపడింది. హాళ్లకు తాళాలు పడ్డాక గానీ పెట్టె తాళం తీయాలని తోచలేదు వాళ్లకు. 2020 జూలై 3న డిస్నీ ప్లస్ చందాదారుల ఇళ్లకు నాటకం వచ్చింది. అమెరికాలో అప్పటి చందా నెలకు 6.99 డాలర్లు. దానికి ముందు నెలలోనే, కొత్తగా చేరినోళ్లు వారం రోజులు ఊరికే చూసే వీలును ఎత్తేశారు. షావుకారు బుద్ధి ఎక్కడికి పోతుంది?

అయినా ఆ గేటు కాస్త తెరుచుకోగానే ఏం జరిగిందో చూడండి. సంఘం పని చేసేవాళ్లు గుర్తు పెట్టుకోవాల్సింది ఇదే.

ఈ నాటకం మీద ప్రశ్న కొత్తది కాదు. 2015లోనే ఇష్మాయెల్ రీడ్ అనే నల్లజాతి రచయిత నిలదీశాడు. బానిసల్ని పెట్టుకున్న దొరల వేషాలు నల్లవాళ్లకు కట్టి చప్పట్లు కొడతారా అని. 2019లో దాని మీద ఎదురు నాటకమే రాసి ఆడించాడు. ఆయనకు వచ్చిన జవాబు ఏమిటి? "ఆయన అసలు నాటకం చూడలేదు" అని. చూడటానికి కోట గోడ కట్టిన వ్యవస్థే, చూడకుండా మాట్లాడతావా అని దెప్పుతుంది! 2016లో లైరా మాంటెరో అనే చరిత్రకారిణి వ్యాసం రాసింది. ఆ కాలంలో నిజంగా బతికిన నల్లవాళ్లు ఈ నాటకంలో కనపడకుండా పోయారని. ఆ మాట ఎక్కువగా చదువుకున్నవాళ్ల మధ్యే తిరిగింది.

వాళ్లు చెప్పిందాంట్లో అబద్ధం ఉందా? లెక్క చూడండి. 1799లో వాషింగ్టన్ చనిపోయేనాటికి ఆయన ఎస్టేటులో 317 మంది బానిసలున్నారు. జెఫర్సన్ తన జీవితంలో 600 మందికి పైగా మనుషుల్ని సొత్తుగా పెట్టుకున్నాడు. హామిల్టన్ అత్తారిల్లు స్కైలర్ల ఇల్లు. అదీ బానిసల చాకిరీ మీద నడిచిన ఇల్లే. వీళ్లంతా నాటకంలో పాడతారు, ఎగురుతారు. బానిసగా బతికిన మనిషికి సొంత పాట ఒక్కటీ లేదు. దేశం కోసం గూఢచర్యం చేసిన హెర్క్యులీస్ మల్లిగన్ అనే దర్జీ వేషం ఉంది. అతని కబుర్లు ప్రాణాలకు తెగించి మోసినవాడని చెప్పుకునే కేటో అనే బానిస మాత్రం లేడు. నల్లనటుడికి వేదిక దొరికింది. నల్లవాడి తాతకు దొరకలేదు.

2020 జూలైలో నాటకం ఇళ్లకు వచ్చేనాటికి, జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసోడు మెడ మీద మోకాలు వేసి చంపి నలభై రోజులు కూడా కాలేదు. జనం వీధుల్లో ఉన్నారు. ఆ జనం ఇంటికొచ్చి నాటకం చూశారు. చూసి అడిగారు. బానిసలేరి అని అడిగారు. వారం తిరక్కుండానే మిరాండా విమర్శలన్నీ న్యాయమైనవేనని బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. అదే ఏడు అక్టోబరులో స్కైలర్ ఇంటి మ్యూజియం పరిశోధకురాలు ఒకామె, హామిల్టన్ లెక్కల పుస్తకాలు తిరగేసి, ఆయన స్వయంగా బానిసల్ని కొన్నాడని, పెట్టుకున్నాడని రాసింది. నాటకానికి ఆధారమైన పుస్తకం రాసిన రాన్ చెర్నో ఆమె మాటతో ఏకీభవించలేదు. వాదం నడిచింది. నడవనీయండి. అయిదేళ్లు 849 డాలర్ల హాలు బయట గుసగుసలాడిన ప్రశ్న, 6.99 డాలర్ల ఇళ్లలోకి రాగానే గొంతెత్తింది. నాటకాన్ని ప్రేమించినోళ్లకూ, తిట్టినోళ్లకూ అప్పుడే సమానంగా మాట దక్కింది.

ఇక షావుకార్ల భయం సంగతి. "ఇంట్లో చూపిస్తే హాలుకు ఎవడొస్తాడు?" అంటారు. ఈ మాటకు కాలమే జవాబు చెప్పింది. నాటకం ఇళ్లకు వచ్చాక 2021 సెప్టెంబరులో బ్రాడ్‌వే మళ్లీ తెరిచారు. హామిల్టన్ మళ్లీ ఆడింది. 2025 ఆగస్టుకు పదేళ్లు నిండినా ఆడుతూనే ఉంది. 2025 సెప్టెంబరు 5న అదే పాత రికార్డింగును అమెరికా సినిమా హాళ్లలో వేశారు. అప్పటికి అయిదేళ్లుగా ఇళ్లలో ఉన్న బొమ్మ. అయినా మొదటి శని ఆదివారాలకే సుమారు కోటి డాలర్లు వచ్చాయి. ఇంకోటి చూడండి. లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో 2011లో ఆడిన 'ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా'ను సినిమా హాళ్లకు నేరుగా చూపించారు, తర్వాత డిస్కులూ అమ్మారు. ఆ నాటకం బ్రాడ్‌వేలో 2023 ఏప్రిల్ 16 దాకా ఆడింది. పాట విన్నోడు పాట దగ్గరికి వస్తాడు. ఇది ఊళ్లో డప్పు చప్పుడు విన్న పిల్లోడికి తెలుసు, కోట్లు పెట్టినోడికి తెలియదా?

తెలుసు. అయినా దాస్తారు. న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీలో 1970 నుంచి నాటకాలను తీసి దాచే విభాగం ఒకటి ఉంది. వేల రికార్డింగులున్నాయి. ఎంత మంచి పని! కానీ చూడాలంటే పరిశోధనో, వృత్తి పనో కారణం చూపాలి, ముందే అడగాలి, అక్కడే కూర్చుని చూడాలి. కాపీ బయటికి రాదు. నటుల, పనివాళ్ల యూనియన్లతో ఒప్పందం మీదే అది మొదలైంది. తమ పనికి దెబ్బ తగలకూడదని వాళ్ల కోరిక. ఆ కోరికను మనం తేలిగ్గా తీసేయకూడదు. కూలి ఎగ్గొట్టి పంచిపెట్టేది దానం అవదు, దోపిడీ అవుతుంది. హామిల్టన్ మొదటి జట్టు నటులు కూడా లాభంలో వాటా కోసం పట్టుబట్టి 2016లో సాధించుకున్నారు. న్యూయార్కు ఆట లాభంలో 1 శాతం దక్కింది. నాటకం రూపుదిద్దుకునేటప్పుడు చెమటోడ్చిన వాళ్లకు అది న్యాయం. కాబట్టి దారి ఉంది. ఆడినోడికి వాటా ఇవ్వండి, తీసినదాన్ని బయట పెట్టండి. నటుడి కూలిని అడ్డం పెట్టుకుని షావుకారు తన తాళాన్ని కాపాడుకోవడం ఇక చాలు.

దాచకపోతే ఏం మిగులుతుందో 'పాసింగ్ స్ట్రేంజ్' చెబుతుంది. స్టూ అనే నల్లజాతి పాటగాడు కట్టిన నాటకం. 2008లో బ్రాడ్‌వేలో 165 ఆటలతో ఆగిపోయింది. ఆగిపోయేలోపే స్పైక్ లీ కెమెరాలు తీసుకెళ్లి చివరి ఆటలను పట్టుకున్నాడు. 2009లో చిత్రోత్సవంలో చూపారు, 2010లో పీబీఎస్ టీవీలో వేశారు. పీబీఎస్‌కు చందా లేదు, ఏంటెనా ఉంటే చాలు. అదీ నేల టికెట్టంటే! టికెట్ల లెక్కలో ఓడిన నాటకం జనం లెక్కలో బతికింది.

ఇప్పుడు అభిమానుల తగువుకు వద్దాం. కొందరు "పెద్ద తెర మీద నలుగురితో చూస్తేనే రుచి" అంటారు. కొందరు "ఇంట్లో పిల్లలతో, కింద అక్షరాలు పడుతుంటే చూడటం మేలు" అంటారు. ఇద్దరిదీ నిజమే. రెండూ కావాలి. హాలుకు పోలేని ముసలివాళ్లున్నారు, చెవులు వినపడనోళ్లున్నారు, రాత్రి షిఫ్టు పనోళ్లున్నారు. మూడోవాళ్లు "మాకు చందా వద్దు, చేతికి డిస్కు కావాలి" అంటారు. వీళ్లను పిచ్చివాళ్లని నవ్వుతారు. నవ్వకండి. చందా అంటే కౌలు. భూమి నీది కాదు, కట్టినన్నాళ్లే. 2023 మేలో డిస్నీ తన సొంత సినిమాలను, సీరియళ్లను డజన్ల కొద్దీ ఆ తెర మీంచి తీసేసింది. అడిగే నాథుడు లేడు. చేతిలో ఉన్న కాపీని, ఊరి లైబ్రరీలో ఉన్న కాపీని అట్లా రాత్రికి రాత్రి తీసేయలేరు.

కాబట్టి అడగాల్సింది ఇది. తీసిన ప్రతి నాటకానికీ సినిమా హాలు ఆట ఉండాలి, ఇంటి కాపీ ఉండాలి, లైబ్రరీలో పేదోడి కోసం కాపీ ఉండాలి. ప్రతి చోటా ఆడినోడికి, వాయించినోడికి, దీపం పట్టినోడికి వాటా వెళ్లాలి. మన కళాజాతాలను తీసే వాళ్లను కూడా ఇదే అడగండి. తీసిన టేపు ఎవరి బీరువాలో ఉంది? మన పాట మన పిల్లలు చూడాలంటే ఎవరి గడప తొక్కాలి?

నాటకాన్ని పొగడాలన్నా చూడాలి. ఎండగట్టాలన్నా చూడాలి. చూడనివ్వనోడు పొగడ్తకు భయపడి తలుపు వేసుకోడు.