నీళ్లు చెడుతున్నది ఎక్కడ?

ఇంట్లో ఒకరికి వాంతులు, విరేచనాలు పట్టుకోగానే అందరూ అడిగేది ఒక్కటే: "ఏం తిన్నారు?" అంటే వేలు వండినావిడ వైపే. ఏ నీళ్లు తాగారన్న మాట తర్వాతెప్పుడో వస్తుంది. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో పదిమందికి పైగా చనిపోయారు. అక్కడ తాగునీటి గొట్టాల్లో మురుగు కలిసింది. 2024 మే నెలాఖరులో మా గుణదలకు దగ్గర్లోనే మొగల్రాజపురంలో, 2025 సెప్టెంబరులో న్యూ రాజరాజేశ్వరిపేటలో మళ్లీ అవే విరేచనాలు, ఆస్పత్రుల పరుగులు.

కృష్ణ నీళ్లు విద్యాధరపురం హెడ్ వాటర్ వర్క్స్‌లో శుద్ధి అయ్యే వస్తాయి. దారిలోనే ప్రమాదం. సరఫరా ఉండేది కాసేపే, మిగతా పొద్దంతా గొట్టంలో ఒత్తిడి ఉండదు. మురుగు కాలువ పక్కన పోయే గొట్టానికి సన్నటి చిల్లున్నా చాలు, బయటి మురికి లోపలికి దిగుతుంది. పైగా మనలో ఎంతమందిమి కుళాయికే మోటారు బిగించడం లేదు? అది నీళ్లతోపాటు మురుగునూ లాగేస్తుంది. (కొండమీది ఇళ్లవాళ్లను మాత్రం నేను తప్పుపట్టలేను. నీళ్లు పైకి ఎక్కకపోతే వాళ్లేం చేస్తారు!) కలరా, టైఫాయిడ్, రక్త విరేచనాలు తెచ్చే బాక్టీరియా ఇలాగే ఇంట్లోకి వస్తుంది. నీళ్లు తేటగా కనిపించినా అందులో ఉండొచ్చు.

టిన్ను నీళ్లు కొంటున్నాం కదా అంటారు కొందరు. మరి గిన్నెలు తొలిచేది, కొత్తిమీర కడిగేది, పిల్లలు నోరు పుక్కిలించేది ఏ నీళ్లతో?

కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశ ప్రమాణం. చూడాల్సింది ట్యాంకు దగ్గర కాదు, వీధి చివరి ఇంట్లో. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు వేస్తే నిమిషాల్లో రంగు తేలుతుంది. ఆ రంగు మా కళ్లముందే చూపించండని వచ్చిన సిబ్బందిని అడుగుదాం. డ్వాక్రా గ్రూపులో పైసా పైసా లెక్క అడిగేవాళ్లం, దీనికి మొహమాటమెందుకు?

ఈలోగా నీళ్లు కళపెళ మరిగాక ఒక నిమిషం ఉంచి దించండి. బిడ్డకు విరేచనాలవుతుంటే నీళ్లు పట్టొద్దనే పెద్దల మాట వినకండి. ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగిస్తూనే ఉండాలి. డాక్టరు జింకు బిళ్లలు రాస్తే విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయాలి. కళ్లు లోపలికి పోయినా, ఒంటేలు ఆగినా, మలంలో రక్తం కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆస్పత్రికి తీసుకెళ్లండి.