అమ్మ ఇంటిపేరూ నిలవాలి
ఫ్రాన్సులో 'తాయ్‌ఫేర్' అని ఓ అరుదైన ఇంటిపేరుంది. ఇనుమును నరికేవాడని అర్థం. పదో శతాబ్దంలో అంగూలేమ్ ప్రభువు గియోమ్, కవచం తొడుక్కున్న నార్మన్ నాయకుణ్ణి ఒక్క కత్తివేటుతో నిలువునా చీల్చాడని కథ. ఆ బిరుదే వంశానికి పేరైంది. ఇంత చరిత్ర మోసే పేర్లు కొడుకులు లేని ఇళ్లలో ఆగిపోతూ వచ్చాయంటే తప్పు కూతుళ్లది కాదు, చట్టానిది. పెళ్లయిన తల్లి తన ఇంటిపేరును పిల్లలకు ఇచ్చే హక్కు అక్కడ 2005లో గానీ రాలేదు! 2022 జూలై నుంచి మేజర్లు టౌన్‌హాల్లో ఒక ఫారం నింపి, కారణం చెప్పకుండానే అమ్మ పేరుకు మారొచ్చు. మంచి పని. అంతరించిపోతున్న పూర్వీకుల పేరును నిలబెట్టుకోవడానికి సివిల్ కోడ్ 61వ అధికరణం ఒప్పుకుంటుంది గానీ, ఆ దరఖాస్తు ఇంకా న్యాయశాఖ దాకా వెళ్లాల్సిందే. దాన్ని కూడా టౌన్‌హాల్‌కే అప్పగించాలి.