కాకిలెక్కల పత్తి, కదలని కుర్చీలు

సోవియట్ నేత బ్రెజ్నెవ్ కాలపు అవినీతి అనగానే ఆయన ఛాతీ మీది పతకాలు, బంధువర్గం వైభోగం గురించిన కబుర్లే ముందుకొస్తాయి. అసలు కీలకం 1966లో జరిగిన ఓ చిన్న సవరణలో ఉంది. అంతకు ఐదేళ్ల ముందు అప్పటి నేత క్రుశ్చేవ్ పార్టీ నిబంధనావళిలో ఒక షరతు పెట్టించాడు: ప్రతి ఎన్నికలోనూ కేంద్ర కమిటీలో కనీసం నాలుగోవంతు, రిపబ్లిక్, ప్రాంతీయ కమిటీల్లో మూడోవంతు, కింది కమిటీల్లో సగం మంది మారితీరాలి. 1964లో ఆయన్ని దించినవాళ్లు 23వ మహాసభలో ఆ షరతును ఎత్తేశారు. స్టాలిన్ రోజులు చూసిన యంత్రాంగం ఉద్యోగ భద్రత కోరుకోవడంలో వింతేమీ లేదు. కానీ ఓటరు దించలేని, పత్రిక నిలదీయలేని అధికారిని పైవాడు కూడా కదిలించని పరిస్థితి వచ్చాక, అతడికి జవాబుదారీ అంటూ ఎవరికి? 1981 మహాసభ తర్వాత పొలిట్‌బ్యూరోలో ఒక్క పేరూ మారలేదు. సభ్యుల సగటు వయసు 70కి చేరువ. స్తబ్ధత, అవినీతి రెండు వేర్వేరు జబ్బులు కావు. కదలని కుర్చీకి చెల్లించిన మూల్యమే అవినీతి.

దీనికి ఉజ్బెకిస్తాన్ పత్తిని మించిన సాక్ష్యం లేదు. షరాఫ్ రషీదోవ్ అక్కడ 1959 నుంచి 1983లో చనిపోయేదాకా పార్టీ ప్రథమ కార్యదర్శి. మాస్కో అడిగే పత్తి ఏటికేడు పెరిగి 60 లక్షల టన్నులకు చేరింది. భూమి అంత ఇవ్వదు. ఇవ్వలేమంటే పదవికి గండం. అందుకని కొనుగోలు కేంద్రంలో లేని పత్తిని తూచినట్టు రాశారు. కాగితం మీది పత్తికి ఖజానా నుంచి వచ్చింది మాత్రం నిజమైన డబ్బే. అందులో కొంత, రాని సరుకు ముట్టిందని సంతకం పెట్టే దూరపు మిల్లుల వాళ్లకు, కొంత జిల్లా, ప్రాంత కార్యదర్శులకు, కొంత మాస్కోకు. తిలాపాపం తలా పిడికెడు. గమనించాల్సిందేమిటంటే, ఇక్కడ లంచం ప్రణాళికకు అడ్డుపడలేదు. ప్రణాళిక నెరవేరినట్టు కనిపించడానికి లంచమే ఆధారమైంది. ఈలోగా ఆము, సిర్ నదుల నీళ్లన్నీ పొలాలకే మళ్లి ఆరల్ సముద్రం ఎండిపోతూ వచ్చింది. ఆ లెక్క పత్తి నివేదికలకు ఎక్కలేదు.

దొంగలెక్కలు బ్రెజ్నెవ్‌తోనే పుట్టాయా అని అడగవచ్చు. లేదు. రియాజాన్ ప్రాంత కార్యదర్శి లరియోనోవ్ 1959లో మాంసం మూడింతలు ఇస్తానని మాటిచ్చి, పాడి పశువులను సైతం కోయించి పతకం అందుకున్నాడు. అయితే మరుసటి ఏడే బండారం బయటపడింది. ఆయన ప్రాణమే పోయింది. ఉజ్బెక్ మోసం ఏళ్ల తరబడి సాగింది. తేడా మనుషుల్లో లేదు, కుర్చీల్లో ఉంది. మరో వాదన ఇంకాస్త బలమైనది: సామాన్యుడికి ఆ రోజులే నయం, ఇల్లు దొరికింది, రొట్టె ధర పెరగలేదు అంటారు. మాస్కో ప్రచురణ సంస్థలు ప్రగతి, రాదుగ తెచ్చిన తెలుగు పుస్తకాలతో పెరిగిన తరానికీ ఇదే అభిప్రాయం ఉంటే తప్పుపట్టలేం. ఆ ఊరట నిజమే. కానీ అందులో పెద్ద భాగం 1973 తర్వాత ఎగబాకిన చమురు ధరలు పెట్టిన భిక్ష. 1965లో ప్రధాని కొసీగిన్ మొదలుపెట్టిన ఆర్థిక సంస్కరణ అప్పటికే నీరుగారింది. డబ్బు వస్తుంటే మార్పు ఎవరికి కావాలి?

1982 చివర్లో గద్దెనెక్కిన ఆంద్రోపోవ్ పోలీసు దారి పట్టాడు. ఆంతరంగిక వ్యవహారాల మంత్రి షెలకోవ్ పదవి పోయింది. మాస్కోలోని ప్రఖ్యాత ఎలిసేయెవ్ దుకాణం డైరెక్టర్ సకలోవ్‌కు 1984లో మరణశిక్ష అమలైంది. దుకాణాల ముందు వరసలు మాత్రం తరగలేదు. బ్రెజ్నెవ్ అల్లుడు చుర్బానోవ్‌కు 1988లో 12 ఏళ్ల శిక్ష పడింది. పత్తి కేసులో వేలమందిని విచారించారు. నిందితులను వేధించి వాంగ్మూలాలు రాబట్టారన్న ఆరోపణలు దర్యాప్తు అధికారుల మీదే వచ్చాయి. ఇదంతా తమ జాతి మీద దాడి అని ఉజ్బెకులు అనుకోవడంలోనూ అర్థముంది: అసాధ్యమైన లక్ష్యం పెట్టిన మాస్కో తానే న్యాయమూర్తి వేషం కట్టింది. అలాగని రషీదోవ్ యంత్రాంగం నిర్దోషి కాదు. లేని పత్తికి పుచ్చుకున్న సొమ్ము పొలంలో పత్తి ఏరిన బడిపిల్లల చేతికి రాలేదు. స్వతంత్ర ఉజ్బెకిస్తాన్ రషీదోవ్‌కు మళ్లీ గౌరవాలు చేసి, తాష్కెంట్‌లో ఒక వీధికి ఆయన పేరు పెట్టింది. పత్తికి ప్రభుత్వం కోటా విధించే పద్ధతి అక్కడ 2020 దాకా రద్దు కాలేదు.